కార్లు లోపలికి రాని ఎడారి కాలనీ: దుబాయ్‌లో అన్ని కాలాలూ చూశాక

దుబాయ్ ఊరి బయట, ఎడారి వైపు కట్టిన రెండంతస్తుల విల్లాల కాలనీ ఇది. కార్లన్నీ అంచునే ఆగిపోతాయి. లోపలంతా సందులు, చెట్లు, ఉమ్మడి వాకిళ్లు. పేరు రాయడం లేదు, ఈ నమూనాలో కట్టిన ఏ కాలనీకైనా మంచిచెడ్డలు దాదాపు ఇవే. బ్రోచర్లో గాలి బురుజుకీ (పై గాలిని పట్టి కిందికి దింపే గోపురం) సోలార్ పలకలకీ పెద్ద ఫొటోలు వేస్తారు. పన్నెండు నెలలూ పనిచేసేవి మాత్రం ఎవరూ ఫొటో తీయని రెండు: ఇల్లు తిరిగిన దిక్కు, సందులో పడే నీడ.

దుబాయ్‌లో జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నేల నుంచి 88 డిగ్రీల ఎత్తులో. దక్షిణం వైపు నాలుగడుగుల కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే సెప్టెంబర్ మూడో వారం దాకా ఎండ గాజును తాకదు. డిసెంబర్‌లో 41 డిగ్రీల ఎత్తుకు దిగి గదిలోకి వస్తుంది, అప్పుడు కావలసిందీ అదే. పడమటి కిటికీకి సన్‌షేడ్ దండగ. నాలుగింటి ఎండ అడ్డంగా కొడుతుంది. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా గాజు దాటిన వేడి గదిలోనే ఉండిపోతుంది, అందుకే అడ్డు బయట ఉండాలి. అల్యూమినియం రెక్కల షట్టర్ పెట్టించాక గానీ పడమటి పడకగది సాయంత్రాలు పనికి రాలేదు. మనవాళ్లు తూర్పు ముఖమే కావాలని పట్టుబడతారు. తీసుకోండి, కానీ వెనక పడమటి గోడకు ఎంత గాజు ఉందో చూసి సంతకం పెట్టండి.

సందు వెడల్పు మూడు మీటర్లు. ఉత్తర దక్షిణాలుగా సాగే సందులో పొద్దున పదింటి దాకా, మళ్లీ మూడు దాటాక నీడే. నడుమ ఎండ నిటారుగా దిగుతుంది కాబట్టి పైన షేడ్ నెట్ కట్టారు. నెట్ చిరగదు, కుట్లే ముందు పోతాయి. మామూలు పాలిస్టర్ దారం ఎండకు పొడిపొడి అవుతుంది. మళ్లీ కుట్టించేటప్పుడు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) దారం అడగాలి, ఖరీదెక్కువే. పార్కింగ్ షెడ్డుకూ మొదటి సందుకూ మధ్య ఇరవై అడుగులు నీడ లేకుండా వదిలేశారు. జూలైలో జనం ఆ ఇరవై అడుగుల కోసమే బగ్గీ పిలుస్తారు! వాకిట్లో గ్రానైట్ బెంచీ రాత్రి ఎనిమిదికి కూడా వెచ్చగా ఉంటుంది, చెక్క పట్టీల బెంచీ మీద పొద్దు వాలగానే కూర్చోవచ్చు. ఎండాకాలమంతా ఖాళీగా పడి ఉన్న ఉమ్మడి వాకిలి బతుకమ్మ నాటికి మెల్లగా నిండుతుంది.

గాలి బురుజు అందమే. పాత దుబాయ్‌లోని అల్ ఫహీదీ పేటలో ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చిన వ్యాపారులు కట్టుకున్న బర్జీళ్లు, అంటే ఈ గాలి బురుజులే, తలుపులు తీసి ఉంచే ఇళ్లకు సరిపోయాయి. అబుదాబిలోని మస్దార్ సిటీలో 45 మీటర్ల బురుజు నిలబడ్డదీ బయటి కూడలిలోనే. ఏసీ ఇంటికి తగిలిస్తే మాత్రం మూత ఇసుకకు బిగుసుకుపోతుంది, పావురాలు గూడు పెడతాయి. ఇక ఆగస్టులో రాత్రి కూడా 30 డిగ్రీల పైన ఉక్క. గోడలు చల్లబడే సమయమే దొరకదు. అనంతపురంలో ఏప్రిల్‌లో హాయినిచ్చే ఎయిర్ కూలర్ ఇక్కడ ఆగస్టులో తడి గాలినే విసురుతుంది.

నీళ్ల సంగతి ఎవరూ ముందు చెప్పరు. మిద్దె మీది ట్యాంకు వల్ల వేసవిలో చన్నీళ్ల కుళాయిలోనే వేణ్నీళ్లు వస్తాయి. గీజర్ ఆపేస్తే, ఏసీ చల్లదనంలో ఉన్న దాని డ్రమ్ములో నీళ్లు కాస్త చల్లబడతాయి. కాబట్టి వేసవిలో చల్లటి స్నానానికి ఎర్ర గుర్తు కుళాయి తిప్పాలి. అయితే నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. వారానికోసారి గీజర్ వేసి 60 డిగ్రీలు దాటించి, కుళాయిలు కాసేపు వదిలేయండి. అసలు మందు మాత్రం ట్యాంకుకు నీడ, ఫోమ్ ఉన్న రెండు పొరల గోడ.

పైకప్పు పొరలు బాగా వేశారు: స్లాబు, వాటర్‌ప్రూఫ్ షీటు, వేడిని ఆపే ఎక్స్‌పీఎస్ ఫోమ్, గుడ్డ పొర, పైన తెల్ల పలకలు. చెడగొట్టింది తర్వాత వచ్చినవాళ్లు. సోలార్ స్టాండు కోసం డ్రిల్ చేసి షీటుకు చిల్లులు పెట్టారు. వాన పడని ఊళ్లో అది ఏళ్ల తరబడి బయటపడదు. 2024 ఏప్రిల్ 16 నాటి కుండపోత వానకు బయటపడింది. ఆ వానలో అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. డ్రెయిన్ జాలీల్లో ఇసుక నిండి, మిద్దెలు పిట్టగోడల మధ్య చెరువులయ్యాయి. పిట్టగోడలో నాలుగంగుళాల ఎత్తున ఓవర్‌ఫ్లో గొట్టం ఒకటి ఉండాల్సిందే. స్టాండును చిల్లు పెట్టకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమనండి.

సోలార్ పలకల మీద రాత్రి మంచు, దుమ్ము కలిసి పెచ్చులా కడుతుంది. తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడే కడగాలి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పుండదు కాబట్టి మరకలు పడవు, ఆగస్టులో బకెట్లకొద్దీ వస్తాయి. ఆ పైపులో నాచు పట్టి మూసుకుపోతే సీలింగ్ మీద పసుపు మరక పడుతుంది, సీజన్‌కు ముందే ఊదించాలి. ఇంటి సోలార్ కరెంటును గ్రిడ్‌కు కలిపే షమ్స్ దుబాయ్ పథకంలో మిగులు యూనిట్లు తర్వాతి బిల్లుకు జమ అవుతాయి, డబ్బు చేతికి రాదు. శుద్ధి చేసిన స్నానాల నీళ్లు తోటకు బాగానే ఉన్నాయి. వెంట్రుకలూ పీచూ డ్రిప్పర్లను మూసేస్తాయి, ఫిల్టర్ కడగడం మరిస్తే మొక్క వాడాకే తెలుస్తుంది.

చెట్లలో మార్కులన్నీ ఘాఫ్‌కే. అది మన జమ్మి చెట్టే. వేళ్లు లోతుకు దిగాక నీళ్ల కోసం అడగదు, నీడ పల్చనైనా ఏడాదంతా ఉంటుంది. పచ్చిక వేసిన ఇళ్లకు నీళ్ల బిల్లు చూసుకునే ధైర్యం కావాలి.

డిస్ట్రిక్ట్ కూలింగ్ (ఒకే ప్లాంటు నుంచి ఇళ్లన్నిటికీ ఏసీ చల్లదనం పంపే ఏర్పాటు) ఉన్న ఇల్లయితే రెండు పద్దులుంటాయి: వాడకం ఒకటి, ఇంట్లో లేకపోయినా కట్టాల్సిన కెపాసిటీ చార్జీ ఒకటి. జనవరి బిల్లు చూపించి అద్దెకిస్తుంటారు. కిందటి ఆగస్టు బిల్లు అడగండి.