హైదరాబాద్‌లో పాత రైఫిల్ వేట: ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి, దేనికి దూరంగా ఉండాలి

మాది జగిత్యాల వైపు. నాన్న పోయాక ఆయన పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) సింగిల్ బ్యారల్ తుపాకీ నా లైసెన్స్ మీదికి వచ్చింది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక మనిషి లైసెన్స్ మీద మూడు తుపాకులు ఉండొచ్చు, ఇప్పుడు రెండే. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి నాకు మిగిలింది ఒక్క గడి. అందులో కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రైఫిల్ పెట్టుకోవడానికి మనసొప్పలేదు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే మన మోటార్‌సైకిళ్ల బీఎస్ఏనే, ఒకప్పుడు చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ కావాలని ఎప్పటినుంచో ఆశ.

.315 ఎందుకంటే, సైన్యం వాడే .303 సామాన్యుల చేతికి వెళ్లకూడదని బ్రిటిష్ వాళ్లు అప్పుడే అనుకున్నారు. అదే లీ పద్ధతి బోల్ట్ (చేత్తో వెనక్కి లాగి తూటా ఎక్కించే కడ్డీ), దాదాపు అదే ఒళ్లు, కానీ ఎనిమిది మిల్లీమీటర్ల తూటాతో ఇక్కడి జమీందార్లకు, అడవి అధికారులకు, ప్లాంటర్లకు అమ్మారు. ఈ రోజుకీ .303 మనకు నిషిద్ధ బోరే, అంటే మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు, .315 అలా కాదు. పైగా .315 తూటా మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. పాత విలాయతీ రైఫిళ్లలో ఇంకా అందమైనవి చాలా ఉన్నాయి. లండన్ రిగ్బీ కంపెనీ చేసిన .275 చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ తూటా దొరకని తుపాకీ కొంటే గోడకు తగిలించుకోవడమే.

ఊరు కదలకముందే చేయాల్సిన పని ఒకటుంది. రెండో ఆయుధం చేర్చుకోవడానికి మన లైసెన్స్ ఇచ్చిన అధికారి దగ్గర అనుమతి తీసుకోవాలి. మా జిల్లాలో అది కలెక్టర్, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో అయితే పోలీస్ కమిషనర్. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, పోలీస్ విచారణ, సంతకాల కోసం తిరగడం, ఇదంతా ఓపికతో తేల్చుకోవాలి. ఆ కాగితం చేతిలో లేకుండా వెళ్తే దుకాణాల్లో దూరం నుంచి చూసి రావడమే.

జగిత్యాల నుంచి బస్సు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో దింపుతుంది. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోకండి. గ్రీన్ లైన్ మెట్రోలో ఎంజీబీఎస్ వరకు వెళ్లి, అక్కడ రెడ్ లైన్‌కి మారితే నాంపల్లి వచ్చేస్తుంది. తుపాకుల దుకాణాలున్న ఆబిడ్స్ వైపు అక్కడి నుంచి దగ్గర. మొదట నాంపల్లి స్టేషన్ ఎదుట సందులో ఒక లాడ్జీలో దిగాను. అద్దె తక్కువే. రాత్రంతా కింద హోటల్ గిన్నెల చప్పుడు, వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే రావు. రిసెప్షన్‌లో అడిగితే ‘అదే టైమ్ సార్’ అని గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. మర్నాడే లక్డీకాపూల్‌కి మారాను. అద్దె దాదాపు రెట్టింపు, కానీ గది శుభ్రం, నాంపల్లికి రెండు మెట్రో స్టేషన్లే. రోజంతా ఎండలో తిరిగి కాగితాలు చదువుకునే పని పెట్టుకున్నవాళ్లకు నేను లక్డీకాపూలే చెబుతాను. పొద్దున టిఫిన్‌కి ఆబిడ్స్ తాజ్ మహల్ హోటల్ బాగుంది, ఇడ్లీ సాంబారుకి ఆ చుట్టుపక్కల దాన్ని కొట్టింది నాకు కనిపించలేదు.

కొనే ముందు కళ్లకు కొంత సాధన కావాలి. దానికి మ్యూజియంలే దారి. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో జనం ఎక్కువగా ఔరంగజేబు, టిప్పు సుల్తాన్‌ల పేరున్న కత్తుల దగ్గర ఆగుతారు. నేను తుపాకుల వైపే ఉండిపోయాను. వత్తితో మందు అంటించే పాతకాలపు బందూకుల నుంచి, చెకుముకి రాయి, ఆ తర్వాత చిన్న టోపీలాంటి క్యాప్ పెట్టి పేల్చేవి, ఇలా ఏది దేని తర్వాత వచ్చిందో తెలుసుకుని చూస్తే, బజారులో ఎవరైనా మూడు కాలాల భాగాలు అతికించి తెచ్చినా పట్టుబడిపోతుంది. ఫిర్యాదు ఒకటుంది. తుపాకుల పక్కన పెట్టిన చీటీల్లో వివరం చాలదు, అద్దం మీద లైటు మెరిసి బ్యారల్ మీది ముద్రలు కనపడవు. చౌమహల్లా ప్యాలెస్‌లో నడవడానికి హాయిగా ఉంటుంది, జనం తక్కువ. ఆయుధాలు చూడటానికే అయితే సాలార్‌జంగ్ మేలు, కుటుంబంతో వస్తే చౌమహల్లా. రెండూ శుక్రవారం మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోవద్దు.

గన్‌ఫౌండ్రీకి కూడా వెళ్లాను. అమ్మకాల పనేమీ లేదు, పేరు లాగింది. రెండో నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగులు పోత పోయడానికి కట్టించిన తోప్ కా సాంచా అది. ఎల్బీ స్టేడియం పక్కన ట్రాఫిక్‌లో రోజూ అక్కడి నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ కట్టడం ఎక్కడుందో తెలియదు. పది నిమిషాలు చాలు. ఇంకా ఓపిక ఉంటే మూసారాంబాగ్ దగ్గర గుట్ట మీద రేమండ్ సమాధి, నల్లరాతి స్తంభం, సాయంత్రం పూట చూడదగ్గది.

ఇక జుమ్మేరాత్ బజార్. పురానాపూల్ దగ్గర గురువారం సంత. పాత ఇత్తడి గిన్నెలు, తాళం కప్పలు, గడియారాల లోపలి చక్రాలు, అన్నీ నేల మీద గుట్టలు. అక్కడ ఒక కుర్రాడు గోనెసంచి విప్పి పొడవాటి పాత తుపాకీ చూపించాడు. ‘రాణీగారి టైమ్‌ది అన్నా, డెకరేషన్ పీస్, లైసెన్స్ అక్కర్లే’ అన్నాడు. లాక్ (పేల్చే యంత్రం ఉండే పక్క పలక) మీద కిరీటం, కింద వీఆర్ అని అక్షరాలు, దాని కింద 1912. వీఆర్ అంటే విక్టోరియా రాణి, ఆమె 1901లోనే పోయింది. అంతే కాదు, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎన్ తిరగబడి ఉంది. ఖైబర్ వైపు సరిహద్దు కొండల్లో చేతి పనివాళ్లు బ్రిటిష్ సైన్యపు ఎన్‌ఫీల్డ్ తుపాకీని చూసి చేసిన నకళ్లలో ఇలాంటివే కనిపిస్తాయి. ఇంగ్లిష్ చదవడం రానివాళ్లు చూసి చెక్కినవి. అవి కూడా ఒక రకం చరిత్రే, కానీ ఎన్‌ఫీల్డ్ ధరకి కాదు.

లైసెన్స్ అక్కర్లేదన్న మాటే అసలు ప్రమాదం. చట్టంలో పాతకాలపు, పురాతన విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది మరమ్మతు చేసినా పేలే అవకాశం లేనిదై ఉండాలి. సంతలో కుర్రాడు అన్నంత మాత్రాన అది నిజమైపోదు, రేపు మన ఇంట్లో దొరికితే సమాధానం చెప్పాల్సింది మనమే. వందేళ్లు దాటిన వస్తువైతే పురావస్తువుల చట్టం కూడా ఉంది, ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించలేడు. అమెరికాలో ఉన్న బంధువుకి బహుమతిగా పంపుదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లండి, తమాషాగా ఉంటుంది, ఇత్తడి గంధపుగిన్నె ఏదైనా కొనుక్కోండి. తుపాకీ మాత్రం కాదు.

లైసెన్స్ ఉన్న డీలర్ల దగ్గరే పాత రైఫిళ్లు దొరుకుతాయి, అదీ ఎందుకో చెప్పాలి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక షికారు ఆగిపోయి, రైఫిళ్లు బీరువాల్లోకి వెళ్లాయి. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకులను మామూలు జనం దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. అంటే దేశంలో ఉన్నవే ఉన్నాయి, కొత్తగా రావు. ఆ మీదట 2019 సవరణతో మూడోది ఉన్నవాళ్లు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో ఇచ్చేయాల్సి వచ్చింది. అలా పాత ఇళ్ల నుంచి కొన్ని బయటికొచ్చాయి. అందుకే ఇప్పుడు వెతుక్కునేవాడికి కాస్త అనువైన కాలం, ధర విషయంలో మాత్రం కాదు.

నేను వెళ్లిన మొదటి దుకాణంలో లైసెన్స్ చూడకుండానే ముందు ‘బడ్జెట్ ఎంత’ అని అడిగారు. పెయింట్‌లా మెరిసే కొత్త పాలిష్ కొట్టిన రైఫిల్ తెచ్చి ‘ఒరిజినల్ సార్, నైన్‌టీన్ టెన్’ అన్నారు. బోల్ట్ మీది నంబరు ఒకటి, బాడీ మీది నంబరు ఒకటి. ఎందుకని అడిగితే ‘అవన్నీ అంతే ఉంటాయి’ అన్నారు. ‘ఏ ధరకైతే తీసుకుంటారు’ అంటూ వెంటపడ్డారు కూడా. బయటికి వచ్చేశాను.

ఇంకో దుకాణంలో అనుభవం వేరు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన లైసెన్స్ పుస్తకం మొత్తం తిప్పి చూసి, అనుమతి కాగితం మీద తేదీ చూసి, అప్పుడు కూర్చోమన్నారు. చాయ్ తెప్పించారు. ‘క్యా చాహియే సాబ్, వాడటానికా, పెట్టుకోవడానికా?’ అని అడిగారు. పెట్టుకోవడానికే, కానీ పేలాలి అన్నాను. నవ్వి లోపలి నుంచి రెండు తెచ్చారు. ఒకటి చెక్క కుందా (భుజానికి ఆనించే భాగం) మెడ దగ్గర చీలి, లోపల ఇత్తడి పిన్నుతో బిగించి ఉంది. రెండోది చూడగానే నచ్చింది, అందుకే ఇంకా నిదానంగా చూశాను.

బీఎస్ఏ ముద్ర, మూడు రైఫిళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు, అంచులు అరిగినా స్పష్టంగా ఉంది. బ్యారల్ మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించి ముద్ర వేసే చోటు) కిరీటం ముద్రలు లోతుగా, ఒకే చేత్తో కొట్టినట్టు ఉన్నాయి. బోల్ట్, బాడీ, బ్యారల్ మూడింటి నంబర్లు కలిశాయి. బోల్ట్ తీసేసి కిటికీ వైపు పట్టుకుని లోపలికి చూస్తే తూటాను తిప్పి పంపే గాడులు పదునుగానే ఉన్నాయి, తూటా పెట్టే చోటుకి కొంచెం ముందు చిన్న తుప్పు మచ్చలు. పాత తూటాల అడుగున మంట పుట్టించే క్యాప్ మందు మిగిల్చే ఉప్పుని సరిగ్గా కడగని తుపాకుల్లో ఇది మామూలే. తుప్పు పట్టకుండా లోహానికి పట్టించే నీలిరంగు పోయిన చోట లోహం పేట్లు లేచి లేదు, చేతుల రాపిడికి అరిగింది. పెద్దాయన ఆ మచ్చలు తానే వేలు పెట్టి చూపించారు. ఆ ఒక్క పనితో ఆయన మీద నమ్మకం కుదిరింది. ధర అడిగితే కొత్త దేశీ .315 కంటే బాగా పైన చెప్పారు. మచ్చల పేరు చెప్పి కొంత తగ్గించాను, ఆయన కుందాకి నూనె పట్టించి ఇస్తానన్నారు.

వెంటనే ఒప్పుకోలేదు. అప్పటికే పాతబస్తీలో ఒక కుటుంబం దగ్గర రిగ్బీ .275 ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. వెళ్లి చూశాను. తోలు పెట్టె, లోపల ఎర్ర గుడ్డ, కడగడానికి వాడే రాడ్డు, అన్నీ ఉన్నాయి. నా చేతులు వణికాయంటే అబద్ధం కాదు. కాని కాగితాలు అడిగితే తాతగారి లైసెన్స్ బయటికి తీశారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఎవరి పేరు మీదికీ మార్చలేదు. ‘మీరు తీసుకెళ్లండి బాబూ, తర్వాత చూసుకుందాం’ అన్నారు వాళ్ల అమ్మగారు, చాలా మర్యాదగా. లైసెన్స్ ఉన్న ప్రైవేటు మనిషి అమ్మాలన్నా ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసి ఇచ్చి, 45 రోజులు ఆగాలి. ఇక్కడ అమ్మేవాళ్ల చేతిలో అసలు లైసెన్సే లేదు. దాన్ని ముందు పోలీస్ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పగించి, వారసుల పేరు మీద దరఖాస్తు పెట్టుకోమని చెప్పి, చాయ్ తాగి వచ్చేశాను. ఆ పెట్టె మూత వేస్తుంటే బాధేసింది, ఇప్పటికీ ఉంది.

బీఎస్ఏ ఖాయం చేశాను. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాను. డీలర్ తన రిజిస్టర్‌లో, నా లైసెన్స్‌లో నంబరు, బోరు, తయారీ రాసి బిల్లు ఇచ్చారు. నంబరు నేనే ఒక్కొక్క అంకె చదివి సరిచూశాను. ఒక అంకె తప్పు పడినా తర్వాత కలెక్టరేట్‌లో దాన్ని దిద్దించడం కన్నా కొత్త లైసెన్స్ తెచ్చుకోవడం సులువు, అని ఆ పెద్దాయన మాట.

బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట. తుపాకీని హోటల్ గదిలో పెట్టాలని చూడకండి. సేఫ్ కస్టడీకి డీలర్ దగ్గరే ఉంచొచ్చు, కొద్దిగా రుసుము తీసుకుంటారు. బయల్దేరే రోజు పొద్దున తీసుకుని నేరుగా ఊరికి వెళ్లిపోవాలి. మెట్రో గుమ్మం దగ్గర స్కానర్ ఉంటుంది, ఆ గొడవంతా ఎందుకని నేను ఊరి నుంచి తమ్ముడి కారు రప్పించుకున్నాను. బోల్ట్ విడిగా, రైఫిల్ గుడ్డసంచిలో, లైసెన్స్ జేబులో. సిద్దిపేట దాకా తమ్ముడు వేగం పెంచకుండా నడిపాడు, వెనక సీట్లో పసిపిల్లాడు పడుకున్నట్టు.

ఊరికి వచ్చాక స్టేషన్‌లో చూపించి వివరాలు రాయించాను. ఎన్నికల కోడ్ వచ్చి పోలీసులు అడిగినప్పుడల్లా నాన్న తుపాకీతో పాటు దీన్ని కూడా అప్పజెప్పి, రసీదు తెచ్చుకోవాలి. తుప్పు పట్టకుండా ఇవ్వడం, తీసుకోవడం ఒక పని.

ఈ మధ్య ఆ పెద్దాయన ఫోన్ చేశారు. బీఎస్ఏ మార్టినీ .22 ఒకటి వచ్చిందట, టార్గెట్ రైఫిల్, నంబర్లన్నీ కలిసినది. నా లైసెన్స్‌లో గడులు నిండిపోయాయి అన్నాను. ‘ఘర్‌వాలీ పేరు మీద లైసెన్స్ పెట్టండి సాబ్’ అన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి ‘ముందు ఫ్రిజ్ మార్చండి, తర్వాత నా పేరు ఎత్తండి’ అంది. దరఖాస్తు ఫారం మాత్రం డౌన్‌లోడ్ చేసి పెట్టాను.