ఎస్పీ అని చెప్పి ఎల్‌పీ2 అంటగడుతున్నారు, ఆ మినీడిస్క్ సాఫ్ట్‌వేర్ కొనకండి

మినీడిస్క్ (సోనీ తెచ్చిన, పాటలు రికార్డు చేసుకునే చిన్న డిస్కు) వాడేవాళ్లకి, దాంట్లోకి పాటలు ఎక్కించే ఓ సాఫ్ట్‌వేర్ ప్రకటన ఈపాటికే కనబడే ఉంటుంది. సీడీ పెట్టండి, ఒక్క బటన్ నొక్కండి, డిస్కు రెడీ అంటారు చూడండి, అదే. కింద పెద్ద పోలిక పట్టిక కూడా ఉంటుంది. ఇదే పని చేసే సోనీ ప్రోగ్రాములు సోనిక్‌స్టేజ్‌కి ఎర్ర ఇంటూలు, సింపుల్ బర్నర్‌కి ఎర్ర ఇంటూలు, బ్రౌజర్‌లో నడిచే ఉచిత వెబ్ మినీడిస్క్ ప్రోకి దయతలచి రెండు మూడు టిక్కులు. వాళ్లదానికి మాత్రం పై నుంచి కింద దాకా పచ్చటి టిక్కులే. పేరు రాయడం లేదు, ఆ పట్టిక చూసినవాళ్లకి ఎవరో ఎలాగూ తెలుస్తుంది. నేను డబ్బు కట్టి కొన్నాను. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, ఎక్కడైనా మాట తూలితే ఏమనుకోకండి.

నా దగ్గర రెండు ప్లేయర్లున్నాయి. ఒకటి నెట్‌ఎండీ, యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి తగిలించేది. రెండోది ఇంకా పాతది, 2000లో ఎండీఎల్‌పీ (పాటను ఇంకా కుదించి డిస్కులో ఎక్కువసేపు పట్టించే పద్ధతి, ఎల్‌పీ2 అందులోదే) రాకముందుది. దానికి మామూలు ఎస్పీ రికార్డింగ్ తప్ప ఇంకోటి తెలియదు. అందుకే కొనేముందే చాట్‌లో సూటిగా అడిగాను, మీ ప్రోగ్రామ్ నిజంగా ఎస్పీలోనే ఎక్కిస్తుందా అని. "నూటికి నూరు శాతం ఒరిజినల్ ఎస్పీ. 1992 నాటి మొదటి ప్లేయర్‌లో పెట్టినా పాడుతుంది" అన్నారు. ఆ మాట మీదే కొన్నాను.

ఆల్బమ్ పెట్టి ఎస్పీ ఎంచుకుంటే చకచకా ఎక్కేసింది. అబ్బో, ఎంత స్పీడో అనుకున్నాను. ఆ డిస్కు తీసి పాత ప్లేయర్‌లో వేశాను. తెర మీద సెకన్లు కదులుతున్నాయి, ట్రాక్ నంబర్ మారుతోంది, చెవిలో మాత్రం చిన్న శబ్దం కూడా లేదు. పాట పేరు ముందు ఎల్, పీ, రెండు చుక్కలు.

తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. ఎండీఎల్‌పీ లేని ప్లేయర్‌లో ఎల్‌పీ ట్రాక్ వేస్తే జరిగేది సరిగ్గా ఇదే. పాట నడుస్తున్నట్టే ఉంటుంది, వినబడదు. అనుమానం తీరక నెట్‌ఎండీలో పెట్టి చూస్తే తెర మీద ఎల్‌పీ2 అని నిక్షేపంగా వెలుగుతోంది. ఇంకో లెక్క కూడా చూశాను. 80 నిమిషాల డిస్కు మీద గంట ఆల్బమ్ ఎస్పీలో ఎక్కితే ఇరవై నిమిషాలు మిగలాలి. నాకు యాభై నిమిషాలు ఖాళీ చూపిస్తోంది! అంటే ఆల్బమ్ సగం చోటులోనే సర్దుకుంది. ఎస్పీ అంటే సెకనుకి 292 కిలోబిట్లు, ఎల్‌పీ2 అంటే 132. సగం కూడా లేదు. అసలైన ఎస్పీ కన్నా ఎల్‌పీ2 మామూలుగా త్వరగానే ఎక్కుతుంది. నేను మురిసిపోయిన స్పీడు రహస్యం అదన్నమాట.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అడిగితే సరిచేస్తారులే అని మళ్లీ చాట్‌లోకి వెళ్లాను. వచ్చిన మొదటి జవాబు: "మీ ప్లేయర్ వాల్యూమ్ తగ్గించి ఉందేమో చూసుకోండి."

తెర ఫొటో తీసి పంపాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇలా వచ్చింది: "పట్టికలో ఎస్పీ పక్కన నక్షత్రం గుర్తు ఉంది. అది ఎస్పీ స్థాయి నాణ్యత అని అర్థం. చదువుకుని కొనుక్కోవాలి." అంతే, చాట్ మూసేశారు.

చదువుకుని కొనుక్కోవాలట! పేజీ వంద శాతం కన్నా పెద్దది చేసి వెతికితే అట్టడుగున లేత బూడిద రంగులో దొరికింది ఆ నక్షత్రం. నేను చదవలేదు సరే, "ఒరిజినల్ ఎస్పీ" అని చాట్‌లో రాసిన మహానుభావుడు కూడా చదవలేదా? పైగా నాణ్యత సంగతి తర్వాత, అసలు పాట వినబడాలి కదా. డబ్బు వాపసు అడిగితే లైసెన్స్ కీ ఒకసారి వాడాక కుదరదని మెయిల్ వచ్చింది. కీ వాడకుండా లోపల ఏముందో తెలిసేదెలాగో వాళ్లే చెప్పాలి.

ఇంకో ముచ్చట. ప్రోగ్రామ్ ఫోల్డర్ తెరిస్తే అందులో జీపీఎల్ (ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే లైసెన్స్) కాపీ పడి ఉంది. అంటే లోపలి సరుకులో కొంతైనా జనం ఉచితంగా రాసి పెట్టిందే. జీపీఎల్ సరుకును అమ్ముకోవడం తప్పేం కాదు, కొన్నవాళ్లు అడిగితే సోర్స్ కోడ్ ఇస్తే చాలు. అడిగాను, జవాబు లేదు. ఉచితంగా వచ్చే ప్రోగ్రాములకి పట్టికలో ఎర్ర ఇంటూలు పెట్టి, అలాంటిదే లోపల పెట్టుకుని అమ్మడం... మన చెవిలో పువ్వు అంత అందంగా కనబడుతోంది కాబోలు.

ఆ పట్టికను నమ్మకండి. నేను వాడి చూసినంతలో, ఎస్పీ కావాలంటే వెబ్ మినీడిస్క్ ప్రో చాలు. అది పాటను కుదించకుండా పంపుతుంది, ఏట్రాక్‌గా (మినీడిస్క్ వాడే కుదింపు పద్ధతి) మార్చే పని రికార్డరే చేసుకుంటుంది. టైమ్ పడుతుంది, ఓపిక పట్టాలి. క్రోమ్ లాంటి బ్రౌజర్ ఉండాలి, ఫైర్‌ఫాక్స్‌లో నడవదు. విండోస్‌లో అయితే ముందు డ్రైవర్ మార్చుకోవాలి, ఆ ఒక్క చోటే కాస్త తలనొప్పి. బ్రౌజర్ గొడవ వద్దనుకుంటే ప్లాటినమ్ ఎండీ అనే ప్రోగ్రామ్ ఉంది, మ్యాక్, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. సీడీ నుంచి ఫైళ్లు తీయడానికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీని మించింది నాకు దొరకలేదు, అదీ ఉచితమే.

ఎల్‌పీ2 మీకు సమ్మతమే అయితే సోనిక్‌స్టేజ్‌ని మాత్రం తీసిపారేయలేం. ఎల్‌పీ2 కుదింపులో సోనీ సొంత ఎన్‌కోడర్ ఇప్పటికీ మేలు, ఉచిత ఎన్‌కోడర్‌లో డ్రమ్స్ పక్కన మోగే తాళాల (సింబల్స్) శబ్దం చివర్లు గరగరలాడతాయి. కానీ అది పాత విండోస్ కోసం పుట్టింది. 64 బిట్ మెషీన్ మీద డ్రైవర్ ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. సింపుల్ బర్నర్ ఇంకా తేలిక, సీడీ నుంచి నేరుగా డిస్కుకే, అయితే దానిదీ అదే డ్రైవర్ గోల.

మినీడిస్క్ చెరిపి మళ్లీ రాసుకోవచ్చు కాబట్టి నా డిస్కులు బతికిపోయాయి. ఖాళీ డిస్కుల తయారీ సోనీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది, జాగ్రత్తగా వాడుకోండి. ఎక్కించడం అయిపోయిందని కంప్యూటర్ చెప్పినా, ప్లేయర్ తెర మీద టీఓసీ (డిస్కులో ఏ పాట ఎక్కడుందో చెప్పే పట్టిక) రాస్తున్న గుర్తు పోయేదాకా వైరు పీకొద్దు.

ఎవరిదైనా సరే, కొనాలనిపిస్తే ముందు ట్రయల్ అడగండి. ఒక్క ఆల్బమ్ ఎక్కించి డిస్కులో ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. చాట్‌లో చెప్పింది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నా దగ్గర ఉన్నవి బ్యాంకుకి పంపి కార్డు డిస్ప్యూట్ వేశాను, ఏమైందో కింద రాస్తాను.