కరెంటు లేని తోటలో బండి బ్యాటరీ: 29 నెలల సోలార్ ప్లేటు అనుభవం

మా బండి ఉండేది నూజివీడు దగ్గర మామిడి తోటలో. నేనుండేది హైదరాబాద్‌లో. ఐదారు వారాలకోసారి రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి హనుమాన్ జంక్షన్‌లో దిగి, ఆటోలో తోటకి చేరతాను. అక్కడున్న రెండు రోజులూ ఆ బండి మీదే తిరుగుడు. వర్షాధారం తోట. బోరు లేదు, అందుకే కరెంటు స్తంభమూ లేదు. మేం మకాం అని పిలుచుకునే ఒక రేకుల షెడ్డు, అందులో కాపలా తాత మంచం, మంచం పక్కన నా బండి.

2022 జనవరిలో కొన్న 350 సీసీ బండి అది. కిక్కర్ లేదు. బ్యాటరీ 12 వోల్టులు, 8 ఏహెచ్, అంటే 8 ఆంపవర్లు: ఒక ఆంపు చొప్పున లాగితే లెక్కకి ఎనిమిది గంటలు వస్తుంది. ఆ సెప్టెంబరులో ఒక పొద్దున సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మని ఊరుకుంది. తోసి స్టార్ట్ చేద్దామని నేనూ తాతా కలిసి దాదాపు 195 కిలోల బండిని వానకి మెత్తబడ్డ తోట నేలలో తోశాం. పాత కార్బ్యురేటర్ బళ్ళలాగా ఇది తోస్తే అందుకోదు. పెట్రోలు పంపు తిరగాలన్నా, స్పార్క్ రావాలన్నా బ్యాటరీలో కొంతైనా ప్రాణం ఉండాలి. గంటసేపు తోసి, చెమటలు తుడుచుకుని, ఆటో పిలిపించాం.

అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, అది నేను చాలా ఆలస్యంగా చేశాను. బ్యాటరీ నెగిటివ్ వైరు విప్పి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి, బండి ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. నా బండి ఒక్కటే అయితే 2 మిల్లీ ఆంపులు. తోట ఒంటరి చోటు కదా అని పెట్టించుకున్న జీపీఎస్ ట్రాకర్‌తో కలిపితే 14. రోజుకి 24 గంటల చొప్పున 336 మిల్లీ ఆంపవర్లు. 8 ఏహెచ్ బ్యాటరీ 24 రోజుల్లో పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ తిరగాలంటే కనీసం సగం ఉండాలనుకుంటే, పన్నెండు రోజులకే టెన్షన్ మొదలన్నమాట. నేను వెళ్ళేది ఐదారు వారాలకి! అలా ఖాళీగా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత సత్తువ రాదు. నా మొదటి బ్యాటరీ పోయింది అలాగే.

కాబట్టి ట్రాకర్ లేకుండా నెలకోసారైనా బండి నడిపేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, మీకు సోలార్ అక్కర్లేదు. వచ్చినప్పుడల్లా ఒక ముప్పావు గంట రోడ్డు మీద నడపండి. షెడ్డులోనే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిలింగులో పెట్టి ఆపేస్తే మాత్రం, సెల్ఫ్ తిన్నది కూడా తిరిగి ఎక్కదు.

నేను ట్రాకర్ తీయదలచుకోలేదు. కొత్త బ్యాటరీతో పాటు ఆన్‌లైన్‌లో ఒకటిన్నర వాట్ల బుల్లి ప్యానెల్ తెప్పించాను, అద్దానికి అంటించుకునే రబ్బరు బుడిపెలతో వచ్చేది. దాని అట్టపెట్టె మీద బైకులకీ, కార్లకీ, పడవలకీ అని రాసుంది. మంచి ఎండలో 50 మిల్లీ ఆంపులు ఇచ్చింది. రోజుకి ఐదు గంటల గట్టి ఎండ వేసుకున్నా 250. పోయేది 336. అంటే బ్యాటరీ చావడం ఆగలేదు, కాస్త నెమ్మదించిందంతే.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. 2023 మార్చిలో 10 వాట్ల ప్లేటు కొని నేరుగా బ్యాటరీకే కలిపేశాను. అమ్మినాయన "చిన్న ప్లేటుకి కంట్రోలర్ ఎందుకండీ" అన్నాడు, నాకూ ఖర్చు తగ్గుతుందనిపించింది. కంట్రోలర్ అంటే ప్లేటుకీ బ్యాటరీకీ మధ్యలో ఉండి, బ్యాటరీ నిండాక చార్జింగుని అదుపు చేసే చిన్న డబ్బా. 12 వోల్టుల ప్లేటు అంటారు గానీ, ఏమీ కలపకుండా ఎండలో మీటర్ పెడితే 21 వోల్టులు చూపిస్తుంది. నిండిన బ్యాటరీకి అరఆంపు చొప్పున ఎక్కిస్తూనే ఉంటే దాని వోల్టేజీ పెరుగుతూనే పోతుంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం చూస్తే 15.4. ఇవి సీలు వేసిన బ్యాటరీలు, ఉడికిపోయిన నీటిని తిరిగి పోయడానికి మూతలుండవు. మే నెలలో వెళ్ళేసరికి బ్యాటరీ పక్కలు ఉబ్బి, దాని పెట్టెలోంచి బయటికి రానంది. మెకానిక్ రెండు స్క్రూడ్రైవర్లు చెరో వైపు దూర్చి, అరగంట కుస్తీ పట్టి లాగాడు. చేతిలోకి వచ్చాక చూస్తే పొంగిన పూరీలా ఉంది. ఎండిపోతుందేమో అన్న భయంతో నీళ్ళు ఎక్కువ పోసి మొక్కని చంపినట్టయింది నా పని.

ఇప్పుడున్న సెట్టు 2023 జూన్‌లో పెట్టాను. అదే 10 వాట్ల ప్లేటు, మూడో బ్యాటరీ, మధ్యలో ఒక మామూలు పీడబ్ల్యూఎం (కరెంటుని టకటకా ఆపి వదులుతూ అదుపు చేసే రకం) చార్జ్ కంట్రోలర్. ప్లేటుకి 850, కంట్రోలర్‌కి 380, వైర్లు, ఫ్యూజు, ప్లగ్గులు కలిపి ఇంకో 250 రూపాయలయ్యాయి. కంట్రోలర్‌ని బండికి కాకుండా షెడ్డు స్తంభానికి బిగించాను. బ్యాటరీ నుంచి రెండు వైర్లు సీటు పక్కకి తెచ్చి, ప్లగ్గు పెట్టి, బ్యాటరీ పాజిటివ్‌కి ఆనుకునే 5 ఆంపుల ఫ్యూజు వేశాను. ఫ్యూజు ప్లేటు వైపున పెడితే లాభం లేదు. వైరు ఎక్కడైనా రాసుకుని షార్ట్ అయితే మంట పెట్టేది బ్యాటరీయే, ప్లేటు కాదు.

మొదటిసారి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు. తీసేటప్పుడు ముందు ప్లేటు. 12, 24 వోల్టులు రెండింటికీ పనిచేసే కంట్రోలర్లు బ్యాటరీ వోల్టేజీని చూసే ఏ లెక్కలో నడవాలో తేల్చుకుంటాయి, ముందే 21 వోల్టుల ప్లేటు తగిలిస్తే తికమకపడొచ్చు. ఫ్లోట్ వోల్టేజీ, అంటే నిండాక పట్టి ఉంచేది, మామూలుగా 13.7 ఉంచుతాను. మార్చి నుంచి జూన్ దాకా 13.4కి దించుతాను, ఎందుకంటే రేకుల కింద 40 డిగ్రీల వేడిలో ఉన్న బ్యాటరీకి 25 డిగ్రీల లెక్క పనికిరాదు. ఒక్కో డిగ్రీకి ఇంచుమించు 18 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గించాలి. ఖరీదైన కంట్రోలర్లు వేడిని కొలిచి ఆ పని వాటంతటవే చేస్తాయి, నాది చేయదు.

ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. కంట్రోలర్ తన తెర వెలిగించుకోడానికీ తన పనికీ 8 మిల్లీ ఆంపులు తింటుంది, ఆపి ఉన్న బండి తినేదానికి నాలుగు రెట్లు. ఇప్పుడు మొత్తం ఖర్చు 22 మిల్లీ ఆంపులు, రోజుకి 528. మంచి ఎండ రోజున ప్లేటు ఒకటిన్నర ఆంపవర్ పైనే ఇస్తుంది కాబట్టి ఫర్వాలేదు. జూలై ముసురులో వారమంతా మబ్బు పడితే కొంచెం కొంచెం తరుగుతుంది, ఒక్క రోజు ఎండ కాసిందంటే మళ్ళీ నిండుతుంది. వానాకాలం గురించి నేను భయపడ్డంత ఏమీ జరగలేదు.

దెబ్బ కొట్టింది జనవరి. ఆకాశంలో మబ్బు లేదు, ఎండ బ్రహ్మాండంగా ఉంది, బ్యాటరీ చూస్తే 12.3 వోల్టులే. వైర్లన్నీ తడిమాను, ఫ్యూజు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి నిచ్చెన వేసుకుని రేకుల మీదికెక్కి ప్లేటు మీద చెయ్యి పెడితే బంకలా అంటుకుంది. షెడ్డు మీదికి ఒక చిన్నరసం చెట్టు కొమ్మ వాలి ఉంది. చెట్టంతా పూత. పూతకి తేనెమంచు పురుగు పట్టి, ఆ తేనె చుక్కలు చుక్కలుగా ప్లేటు మీద రాలింది. దాని మీద దుమ్ము, రాలిన పూత, అక్కడక్కడా నల్లగా మసి. నడి మధ్యాహ్నం మీటర్ 90 మిల్లీ ఆంపులు చూపించింది. పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా పులుముకుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు కలిపి నానబెట్టి తుడిచాక 430. ప్లేటులో సెల్సన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, రెండు మూడు మూసుకుపోయినా మిగతావి బాగున్నా ఫలితం ఉండదు. అందుకే ఒక్క మామిడాకు పడ్డా తేడా కనిపిస్తుంది.

కొమ్మ కొట్టేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "బండి కోసం రసం కొమ్మ కొడతావుట్రా" అన్నాడు. ప్లేటునే ఆరడుగులు జరిపి, దక్షిణానికి తిప్పి, ఒక పక్క ఇటుక ముక్క పెట్టి ఎత్తు చేశాను. మన ప్రాంతానికి 15, 17 డిగ్రీల వాలు చాలు. వాలు ఉంటే వాన నీటికి దుమ్ము దానంతటదే జారిపోతుంది కూడా. తాత పదిహేను రోజులకోసారి కర్రకి తడిగుడ్డ చుట్టి తుడుస్తాడు.

తాతతో ఇంకో కథ ఉంది. కంట్రోలర్‌కి ఫోన్ చార్జింగు పెట్టుకునే యూఎస్‌బీ సాకెట్టు ఉంది. 2024 ఆగస్టులో వెళితే బ్యాటరీ 12.1 వోల్టులే ఉంది, ప్లేటు మాత్రం శుభ్రంగా ఉంది. అడిగితే తేలింది, ఆయన రోజూ రాత్రి పడుకునేముందు ఫోన్ అక్కడ పెడుతున్నాడు. ఒక్కో చార్జింగుకి మన బ్యాటరీలోంచి ఒకటిన్నర ఆంపవర్ దాకా పోతుంది, పైగా అది ముసురు నెల. ప్లేటు పనిచేసేది పగలే కాబట్టి రాత్రి పెడితే బండి కరెంటు పోతుందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందే చెప్పాలిగా బాబూ, నీ బండి పస్తులుంటుందని నాకేం తెలుసు" అన్నాడు. నిజమే. అప్పట్నుంచీ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పెట్టుకుంటున్నాడు, ఏ ఇబ్బందీ లేదు.

చిన్న చిన్న చికాకులు ఉన్నాయి. ఎలుకలు వైరు ఒకసారి కొరికాయి, తర్వాత పీవీసీ గొట్టంలో వేశాను. ప్లగ్గు తీయకుండా రెండుసార్లు బండి ముందుకి కదిలించాను, అందుకని ఇప్పుడు తాళం చెవి ఆ ప్లగ్గుకే తగిలిస్తున్నాను. కంట్రోలర్ తెర మీద అంకెలు మసకబారాయి, టార్చి వేసి చూడాల్సి వస్తోంది.

బ్యాటరీ సంగతి చూసుకుంటే, 2025 నవంబరుకి 29 నెలలు. ప్లగ్గు తీసిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది, అది నమ్మకండి. రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే 12.7, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10.6కి పడి లేస్తోంది. ఇన్ని నెలల్లో సెల్ఫ్ ఒక్కసారి కూడా తిరగకుండా ఉండలేదు, ఆ 12.1 ఉన్న పొద్దున కూడా మూలుగుతూనే తిరిగింది. లిథియం బ్యాటరీ వేసుకున్నవాళ్ళు మాత్రం నా అంకెలు పెట్టుకోవద్దు, వాటికి ప్రత్యేకంగా లిథియం సెట్టింగు ఉన్న కంట్రోలర్ కొనండి.