పసిబిడ్డ కోసం ఆన్‌లైన్‌లో కార్ సీట్ కొంటున్నారా? నాలా మోసపోకండి

కాన్పు దగ్గర పడి, బిడ్డ కోసం ఒక్కొక్కటే ఆర్డర్ పెట్టుకుంటున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. ముఖ్యంగా కార్ సీట్, అంటే కారులో బిడ్డను పట్టీలతో బిగించి ఉంచే సీటు, ఇంకా కొననివాళ్లు.

మా పాప 35 వారాలకే పుట్టింది. ఇంకా నెల రోజులుంది కదా అని ఉన్నవాళ్లం, అన్నీ హడావుడిగా కొనాల్సొచ్చింది. పాప ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో), మా ఆవిడ వార్డులో ఉంటే నేను కారిడార్‌లో కూర్చుని ఫోన్‌లోనే కార్ సీట్ ఆర్డర్ పెట్టేశాను. "పుట్టిన రోజు నుంచే వాడొచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఫోటోలో మందంగా, గట్టిగా కనిపించింది. రివ్యూలు బోలెడు. రెండు రోజుల్లో వచ్చేస్తుందన్నారు. అంతకుమించి ఏమీ చూడలేదు.

పెట్టె చేతికి రాగానే అనుమానం రావాల్సింది, ఎత్తితే బరువే లేదు. ఆ టెన్షన్‌లో విప్పకుండానే డిక్కీలో పెట్టేశాను.

డిశ్చార్జ్‌కు ముందు రోజు సాయంత్రం నర్సు సీటు తెమ్మంది. 37 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పంపేముందు చాలా ఆసుపత్రుల్లో ఒక పరీక్ష చేస్తారు. వాళ్ల సొంత కార్ సీట్‌లోనే గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచి గుండె వేగం, ఊపిరి, ఆక్సిజన్ మానిటర్‌లో చూస్తారు. అలా ఒరిగి కూర్చుంటే కొందరు పసివాళ్లకు ఊపిరి సరిగ్గా ఆడదు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

పెట్టె విప్పితే లోపల ఉన్నది సీటే కాదు. గుడ్డ, మధ్యలో పల్చటి స్పాంజి. దుప్పటిలా మడిచేయొచ్చు. భుజాల మీదుగా రెండు పట్టీలు, స్కూల్ బ్యాగుకు ఉండేలాంటి ప్లాస్టిక్ బకిల్. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ అసలు లేనే లేదు. నర్సు బకిల్ పెట్టి, పట్టీ బిగించి, రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. సర్రున జారిపోయింది. మళ్లీ బిగించి లాగింది, మళ్లీ జారింది. "ఇందులో పాపను పడుకోబెట్టలేం సార్" అని మడిచి నా చేతిలో పెట్టింది. దాంతో మర్నాటి డిశ్చార్జ్ ఆగిపోయింది. మా ఆవిడకు ఆ మాట చెప్పడానికి లోపలికి వెళ్లాలంటే కాళ్లు రాలేదు.

పసిబిడ్డకు తల బరువెక్కువ, మెడకు బలం ఉండదు. అందుకే వాళ్ల సీటు కారు వెనక అద్దం వైపు తిరిగి, వెనక్కి వాలి ఉండాలి. అప్పుడు ఏదైనా ఢీకొంటే ఆ దెబ్బ మెడ మీద పడకుండా గట్టి చిప్ప వీపంతా కాస్తుంది. నాకు వచ్చిన గుడ్డ సీటులో బిడ్డ ముందుకే తిరిగి కూర్చోవాలి, నిటారుగా. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే చాలు, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. దానికి ప్రమాదమే జరగనక్కర్లేదు.

కాబట్టి కొనేముందు లేబుల్ ఫోటో అడగండి. ఐక్యరాజ్యసమితి వాహన భద్రతా నిబంధనలు పాటించేచోట సీటుకు ఆర్44 లేదా ఆర్129 అని, గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ఇ అక్షరం పక్కన అంకె ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అమెరికాలో ఆ భద్రతా ప్రమాణం పేరు ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213, భారత్‌లో ఏఐఎస్-072. ఆర్129 అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి, ఆపైన పక్క నుంచి కూడా ఢీకొట్టించి చూసిన సీటన్నమాట. నాకు వచ్చినదాని మీద ఉతికే పద్ధతి చెప్పే చిన్న ట్యాగ్ తప్ప ఏమీ లేదు. లేబుల్ ఫోటో పెట్టమంటే మాట మార్చే సెల్లర్ దగ్గర కొనొద్దు.

ఆ రాత్రి రివ్యూలు మళ్లీ తెరిచి చదివాను. సగం వేరే వస్తువు గురించి. మిగతావాటిలో ఫోటోలన్నీ రెండు మూడేళ్ల పిల్లలవి. ఒక్క పసిబిడ్డ ఫోటో లేదు. నక్షత్రాలు చూసి ఆగిపోకుండా ఫోటోలు కూడా చూసి ఉంటే నాకు అక్కడే తెలిసేది.

మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి, కారులో బిగించి చూపించమని అడిగి మరీ కొన్నాను. మెత్తగా ఉంటుందని తలకింద పెట్టే దిండు విడిగా అమ్మబోయారు. సీటుతో పాటు రానిది ఏదీ అందులో పెట్టకూడదు, వద్దన్నాను. తెలిసినవాళ్లు వాళ్ల పాత సీటు ఇస్తామన్నారు, మనసు మంచిదే. కానీ అది ఎప్పుడైనా ప్రమాదంలో పడిందో లేదో, గడువు తేదీ ఎప్పుడో వాళ్లకే గుర్తులేదు. పాప కొత్త సీటులో పరీక్ష పాసయ్యింది, ఒకరోజు ఆలస్యంగా ఇంటికొచ్చాం.

డబ్బులు ఇంకా తిరిగి రాలేదు. "ప్యాకింగ్ విప్పారు కాబట్టి రిటర్న్ కుదరదు" అని ఒకే మెసేజ్ నాలుగుసార్లు పంపారు. ఫిర్యాదు పెట్టాక ఆ లిస్టింగ్ కనిపించకుండా పోయింది. వారం తిరక్కుండానే అదే ఫోటో, అదే రంగు, వేరే పేరుతో మళ్లీ వచ్చింది. దానిమీదా ఫిర్యాదు చేశాను, మీకు కనిపిస్తే మీరూ చేయండి. ఇంట్లో ఉన్నదాన్ని అలాగే పారేస్తే ఎవరైనా తీసుకెళ్లి వాడతారని, పట్టీలన్నీ కత్తెరతో ముక్కలు చేసి పారేశాను.