వైరస్‌కు మన ఆర్‌ఎన్‌ఏ అందకుండా చేయడమా, లాక్కునే ఎంజైమును ఆపడమా: ఏది మేలు?

కొన్ని వైరస్‌లకు సొంత జన్యువులు చాలవు. సంఖ్య పెంచుకోవాలంటే మన కణంలోని ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల సమాచారాన్ని మోయడం లాంటి పనులు చేసే గొలుసులాంటి అణువు) కూడా కావాలి. ఆ అవసరం మీదే దెబ్బ కొట్టడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ఆ ఆర్‌ఎన్‌ఏను వైరస్‌కు దక్కకుండా కట్టేయడం. కాలేయ కణాల్లో మిర్-122 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ దండిగా ఉంటుంది. ఇలాంటివి మామూలుగా ఇతర ఆర్‌ఎన్‌ఏలకు అంటుకుని వాటిని అణచివేస్తాయి. హెపటైటిస్ సి విషయంలో అంతా తిరగబడింది: మిర్-122 ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొదటి కొస (5' కొస) దగ్గర రెండు చోట్ల అతుక్కుని, కణంలోని ఎంజైములు దాన్ని కొరికేయకుండా కాపాడుతుంది. వైరస్‌కు ఇది అవసరమని 2005లో తేలింది. మిర్-122ను కట్టిపడేసే మిరావిర్సెన్ అనే మందు ఇచ్చినప్పుడు రోగుల రక్తంలో వైరస్ తగ్గిందని 2013లో ఒక చిన్న ట్రయల్ చూపింది. వైరస్ జన్యువులు మారినట్టు మన ఆర్‌ఎన్‌ఏ ఇట్టే మారిపోదు కాబట్టి మందును తప్పించుకోవడం వైరస్‌కు కష్టం (అసాధ్యమేమీ కాదు). చిక్కల్లా, ఆ ఆర్‌ఎన్‌ఏతో మనకూ పనుంది. అది పుట్టుకతోనే లేని ఎలుకలకు కాలేయంలో కొవ్వు పట్టింది, కణుతులు వచ్చాయి. కొన్ని వారాల మందుకూ జన్మంతా లేకపోవడానికీ తేడా ఉందనుకోండి, అయినా భయం భయమే. ఈలోగా వైరస్ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసే పాలిమరేజ్ ఎంజైమునే ఆపే సోఫోస్‌బువిర్ అనే మందు వచ్చి, మిరావిర్సెన్ అవసరమే లేకుండా చేసింది.

రెండో దారి, లాక్కునే పనిముట్టును పట్టుకోవడం. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మన ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసన టోపీలా ఉండే క్యాప్‌ను పట్టుకుని, పీఏ అనే తన ఎంజైముతో 10-13 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని పూసల్లాంటివి) దగ్గర కత్తిరించి, ఆ ముక్కతో తన ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ల తయారీకి సమాచారమిచ్చే ఆర్‌ఎన్‌ఏ) తయారీ మొదలుపెడుతుంది. 2018లో అనుమతి పొందిన బలోక్సావిర్ అనే మందు ఈ కత్తెరనే అడ్డుకుంటుంది. ఒక్క డోసు చాలు, మన ఆర్‌ఎన్‌ఏ జోలికి పోదు. కానీ పీఏ ప్రోటీన్ గొలుసులో 38వ అమైనో ఆమ్లం మారితే చాలు, మందు పట్టు సడలుతుంది.

హెచ్‌ఐవీ సంగతిలో తర్జనభర్జనే అక్కర్లేదు. అది తన డీఎన్‌ఏ తయారీ మొదలుపెట్టే ముక్కగా (ప్రైమర్‌గా) వాడుకునే లైసిన్ టీఆర్‌ఎన్‌ఏను (ప్రోటీన్ల తయారీకి లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏను) ఆపితే మన ప్రోటీన్ల తయారీయే దెబ్బతింటుంది. అందుకే మందుల్లో ఎక్కువ భాగం రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) లాంటి వైరస్ సొంత భాగాల మీదే గురిపెట్టాయి.

నా ఓటు రెండో దారికే, మందుల్ని కలిపి వాడే వీలుంటే మరీను. ఆర్‌ఎన్‌ఏ ఒకే అవయవానికి పరిమితమై, చికిత్స కొద్దికాలమే అయితే మొదటి దారినీ కొట్టిపారేయను.