సెల్యూట్ అక్కర్లేని బండి

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం చూడాలనుకుంటే, బస విషయంలో మాత్రం మేం చేసిన పొరపాటు చేయకండి. దగ్గర కదా అని విమానాశ్రయం పక్కన ఒక హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది. బుకింగ్‌లో రాసిన ఉచిత షటిల్ మాత్రం ముప్పావుగంట చూసినా రాలేదు. చివరికి ట్యాక్సీయే పిలిచాం. సాయంత్రం అలా తిరిగొద్దామన్నా చుట్టూ పెద్ద రోడ్లే. ఊళ్లో న్యూ స్ట్రీట్ స్టేషన్ దగ్గర ఉండడమే నయం. అక్కణ్ణుంచి బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషన్‌కి రైల్లో వచ్చి, మిగిలిన కాస్త దూరానికి ట్యాక్సీ ఎక్కొచ్చు.

1984లో తెరిచిన ఈ మ్యూజియంలో అన్నీ బ్రిటిష్ బళ్లే. 2003లో ఒక సిగరెట్ పీక వల్ల మంటలు రేగి ఐదు హాళ్లలో మూడు కాలిపోయాయట. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా మళ్లీ తెరిచారు. ఇప్పటి మెరుపు చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు.

నేను వెళ్లింది పాత పోలీసు బళ్ల కోసం. పోలీసు బండంటే 650 సీసీ ట్రయంఫ్ లాంటిదే మనసులో ఉంది. తీరా కాళ్లు ఆగింది పోలీసులు వాడిన వెలోసెట్ ఎల్ఈ అనే చిన్న బండి దగ్గర. "ఏమండీ, దీంతో దొంగల్ని పట్టుకునేవాళ్లా?" అని మా ఆవిడ నవ్వింది. నవ్వదూ మరి! 1948లో 149 సీసీతో వచ్చింది, తర్వాత 192 అయింది. కిక్ రాడ్ బదులు చేత్తో లాగే లివర్, గేర్లు కూడా మొదట్లో చేత్తోనే. చైన్ లేదు, చక్రాన్ని తిప్పేది షాఫ్ట్ అనే కడ్డీ. ఇంజన్ చల్లబడడానికి నీళ్లు. అందుకే చప్పుడు చాలా తక్కువ. రాత్రి బీట్ తిరిగే కానిస్టేబుల్‌కి అంతకన్నా ఏం కావాలి? మన ఎస్సైగారి బుల్లెట్ అయితే వీధి మొదట్లో ఉండగానే దొంగ గోడ దూకేస్తాడు.

దీనికి 'నాడ్డీ బైక్' అని ముద్దుపేరు. పై అధికారి ఎదురైతే సెల్యూట్ కొట్టాలి, కానీ హ్యాండిల్ వదిలితే ప్రమాదం. అందుకని తల ఊపితే చాలన్నారట. తల ఊపడాన్ని ఇంగ్లీషులో 'నాడ్' అంటారుగా, అదన్నమాట.

బర్మింగ్‌హామ్‌లోనే పుట్టిన వెలోసెట్ కంపెనీ 1971లో మూతపడింది.

మ్యూజియానికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి. మేం రెండే అనుకున్నాం, నార్టన్ బళ్లని దాదాపు పరుగెత్తుతూ చూడాల్సొచ్చింది.