గడప లోపల, గడప బయట: వికలాంగులకి ఇచ్చే సాయాలు ఎనిమిదేళ్లు వాడాక నా మాట

2017లో చెన్నైలో పనిచేస్తూ పరంజా మీంచి పడ్డాను. నడుం కింద కదలిక లేదు, స్పర్శ లేదు. అప్పట్నుంచి నరసన్నపేట పక్కన మా ఊళ్లోనే ఉంటున్నాను. కొత్తగా ఈ స్థితిలో పడినవాళ్లు ముందు పెన్షన్ గురించే అడుగుతారు. నన్నడిగితే, నాకు పనికొచ్చిన వాటిలో పెన్షన్‌ది మూడో స్థానం.

మొదటిది మండల వికలాంగుల సమాఖ్య మీటింగు. అక్కడ ఇచ్చే టీ కోసం కాదు, అక్కడ కలిసిన ఒక అన్న కోసం. తాటిచెట్టు మీంచి పడి ఆయనకి ఇరవై ఏళ్లయింది. నాకు ఆస్పత్రిలో మందుల చీటీ రాసిచ్చారు గానీ, మంచం మీంచి కుర్చీలోకి ఒక్కడినే ఎలా మారాలో ఎవరూ చూపించలేదు. ఈయన నున్నటి చెక్క పలక ఒకటి తెచ్చి, మంచానికీ కుర్చీకీ మధ్య వేసి, దాని మీద జరగడం నేర్పాడు. పావుగంటకోసారి చేతులు ఆనించి ఒళ్లు పైకి లేపాలనీ, లేకపోతే పుండు పడుతుందనీ చెప్పాడు. స్పర్శ లేదు కాబట్టి పడినట్టు కూడా తెలియదు. నాకు అప్పటికే ఒకటి పడింది, మానడానికి ఏడు నెలలు పట్టింది. మూత్రం గొట్టం సంగతులూ ఆయన్నే అడిగాను. అమ్మని అడగడానికి సిగ్గు, ఆయన దగ్గర అది లేదు.

రెండోది, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకం కింద క్యాంపులో ఇచ్చిన బ్యాటరీ మూడు చక్రాల బండి. కనీసం 80 శాతం వైకల్యం ఉండాలన్నారు, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ అడిగారు. 2020లో వచ్చింది. కొత్తలో ఒక ఛార్జింగ్‌తో నరసన్నపేట వెళ్లి, బజారంతా తిరిగి, ఇంటికొచ్చేవాడిని. మూడో ఏటికి బ్యాటరీ నీరసించింది, సగం దారిలో ఆగితే తోసుకురావడానికి ఎవరో ఒకరు కావాలి. క్యాంపు పెట్టినవాళ్లు మళ్లీ రాలేదు. చివరికి ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే కుర్రాడే బాగుచేశాడు. బండి ఇచ్చేరోజు ఫొటోలు తీసేవాళ్లలో ఒక్కరైనా రిపేరు షాపు చూపించి ఉంటే బాగుండేది.

ఇక పెన్షన్. 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకి 3,000 నుంచి 6,000 అయింది. నాలాగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. ఒకటో తారీఖున మా ఊరి సచివాలయం నుంచి ఇంటికే తెచ్చి నా చేతికిస్తారు. దీనికి వంక పెట్టను.

కానీ తర్వాత ఈ పెన్షన్‌కి అర్హులమో కాదో చూడ్డానికి డాక్టర్లు ఇళ్లకొచ్చి మళ్లీ పరీక్షలు చేస్తారని తెలిసినప్పుడు ఊళ్లో వచ్చిన సలహా చెప్పాలి. "ఓరే, ఆ దినం కుర్చీ ఎక్కకు. మంచం మీదే తొంగో" అన్నారు. బజారుకి ఒక్కడినే వెళ్తున్నానని అందరికీ తెలుసు. అదే నా మీదకి వస్తుందని వాళ్ల భయం. నాకూ రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సొంతంగా బతకడం నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, అది దాచుకోవాల్సిన తప్పులా అయిపోయింది. ఆరోజు కుర్చీలోనే కూర్చున్నాను. కాళ్లు చూశారు, కాగితాలు చూశారు. పెన్షన్ మారలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను.

బస్సు గురించి ఒక్క మాట చాలు. టికెట్‌లో రాయితీ ఇచ్చినా, నన్ను మెట్లెక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ర్యాంపులైతే నవ్వొస్తుంది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. నేను తరచూ వెళ్లాల్సిన ఒక ఆఫీసులో రెండడుగుల ఎత్తుకి ఆరడుగులు కట్టారు. వెనక ఎవరూ పట్టుకోకుండా ఎక్కబోతే కుర్చీ వెల్లకిలా పడుతుంది. ఒకసారి పడ్డాను కూడా. అక్కడి ప్యూను మంచివాడు, ఇప్పుడు నన్ను చూడగానే కాగితాలు కిందికే తెస్తాడు.

ఏ పథకంలోనూ దొరకనిది బాత్రూం తలుపు. నా కుర్చీ వెడల్పు ఇరవై అయిదు అంగుళాలు, తలుపు ఇరవై రెండు. ఏడేళ్లు స్నానానికి అమ్మే ఆధారం. ఆవిడకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. పెన్షన్ పెరిగిన రెండో నెలలో గోడ కొట్టించాను. తాపీమేస్త్రి కూలి, సిమెంటు, కొత్త తలుపు, పట్టుకోవడానికి ఇనప గొట్టం, అన్నీ కలిపి పదకొండు వేలయింది. వీధి తలుపు కంటే బాత్రూం తలుపే పెద్దదని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.